ఒక్కరి వరుస

డిపోలో ఆవిణ్ణి అందరూ నిమిషాలమ్మ అనే పిలుస్తారు. సొంత పేరు హాజరుపట్టీలో ఉంది, అక్కడే ఉండిపోయింది. ఏ బస్సు ఎన్నింటికి కదలాలి, ఏ స్టాపులో ఎంతసేపు ఆగాలి, సాయంత్రం పూట వంతెన దగ్గర రద్దీ ఎన్ని నిమిషాలు మింగేస్తుంది, అన్నీ ఆవిడ బల్ల మీదే తేలతాయి. పద్దెనిమిదేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ, కిటికీ అవతల అదే డీజిల్ వాసన. టైంటేబులు వేసే పనిలో ఆవిడకో పట్టుదల ఉంది. కాగితం చూసి చెప్పిన మాట నమ్మదు. ఆ దారిన బండి తోలినవాడు వచ్చి నోటితో చెబితేనే రాసుకుంటుంది.

“తోలినవాడి మాటని నీకెలా తెలుస్తుందమ్మా? మేమూ కోతలు కోయొచ్చుగా?” అని మీసాల డ్రైవరు ఓసారి మేలమాడాడు.

“కోయొచ్చు. కానీ వెళ్లనివాడు కిలోమీటర్లు చెబుతాడు. వెళ్లినవాడు ఎండ ఎటువైపు నుంచి కంట్లో పడుతుందో చెబుతాడు,” అంది నిమిషాలమ్మ.

అలాంటి మనిషి, తాను ఎన్నడూ చూడని చోటికి మూడు నెలలపాటు కూర్చుని టైంటేబులు వేసింది.

ఆ చోటు మూడు గంటల రైలు ప్రయాణం దూరంలో ఉన్న పెద్ద పార్కు. ఆకాశమంత చక్రం, నీళ్లలో జారే పడవ, అందరూ ఇనుపకొండ అని పిలిచే రోలర్ కోస్టరు, అన్నీ ఉన్న పార్కు. ఊళ్లో వెళ్లనివాళ్లు లేరు. టిక్కెట్ల గుమస్తా పెళ్లయిన కొత్తలో వెళ్లాడు, డిపో ఊడ్చే మనిషి కూతురితో వెళ్లింది, మీసాల డ్రైవరు బంధువుల్ని వేసుకుని నాలుగుసార్లు వెళ్లాడు. నిమిషాలమ్మకే నలభై రెండేళ్లు వచ్చినా కుదరలేదు. కుదరలేదనడం కూడా తప్పే. అక్క లేకుండా వెళ్లకూడదని ఆగింది.

ఆ ఆగడానికి ముప్పయ్యేళ్ల వయసుంది. అప్పుడు అక్క ఎనిమిదో తరగతి, తను ఆరు. బడి మొత్తానికి ఒకటే బస్సు, పార్కుకి విహారయాత్ర. తెల్లారకముందే స్నానాలు చేసి, జడలు బిగించుకుని, కిటికీ పక్క సీటు కోసం కొట్టుకుని కూర్చున్నారు. బస్సు ఇంకా కదలనే లేదు, అక్క ఒళ్లు కాలిపోతూ కిటికీలోంచి వాంతి చేసుకుంది. టీచరు నుదురు ముట్టుకుని చూసి, “దించెయ్యండి, ఇంటికి పంపించండి,” అంది. అక్కని దించారు. చెల్లెల్ని ఎవరూ దిగమనలేదు. తనే లేచింది, పక్కనున్న పిల్లకి కిటికీ సీటు అప్పజెప్పి దిగిపోయింది. అక్క ఒక్కతే నడిచి వెళ్లలేదుగా మరి. బస్సు మలుపు తిరిగేదాకా ఇద్దరూ రోడ్డు మీదే నిలబడ్డారు. అప్పుడు అక్క, జ్వరం కళ్లతో, ముక్కు చీదుకుంటూ అంది: “నువ్వు లేకుండా నేను ఆ గేటు తొక్కనే చిట్టీ. ఒట్టు.”

ఆ తర్వాత అక్క చదువు, అక్క పెళ్లి, అక్కకి బడిలో ఉద్యోగం, అక్క కూతురి పరీక్షలు. ప్రతిసారీ అక్క వైపు నుంచే ఏదో ఒకటి అడ్డం. నిమిషాలమ్మ పెళ్లి జోలికి పోలేదు కాబట్టి ఆవిడ వైపు అడ్డాలేమీ లేవు. రెండు వీధుల అవతల రెండు గదుల ఇల్లు, ఒక మంచం, ఒక రేడియో, గోడకి క్యాలెండరు. చివరికి ఈ ఏడు అక్కే అంది, “ఇంకో నాలుగు నెలలకి, మూడో బుధవారం నాకు సెలవు. ఇక చచ్చినా వాయిదా లేదు,” అని.

నిమిషాలమ్మ కొత్త రూళ్ల పుస్తకం కొంది.

అందులో లేనిది లేదు. సెలవు రోజుల్లో వెళ్లరాదు. గేటు తెరవడానికి గంట ముందు చేరాలి. లోపలికి అడుగు పెట్టగానే ఎదురొచ్చిన ఆట దగ్గర ఆగరాదు, అందరూ అక్కడే ఆగుతారు కనక తిన్నగా చివరికి నడిచి, అక్కణ్ణుంచి వెనక్కి రావాలి. భోజనం పదకొండింటికే కానిచ్చెయ్యాలి. ఒంటిగంట దాటాక జనమంతా తిండి దగ్గర ఉంటారు, ఇనుపకొండ అప్పుడెక్కాలి. సంచిలో పొడి సాక్సులు రెండు జతలు. ఫోన్లు చచ్చిపోయి ఒకరికొకరు తప్పిపోతే గడియార స్తంభం ముందున్న బల్ల దగ్గరికి రావాలి, దానికి చెట్టు నీడ ఉంది. పక్కనే పార్కు మ్యాపు అతికించింది. దారులకి బాణాలు గీసింది. బాణాల పక్కన నిమిషాలు వేసింది.

పుస్తకం చూపిద్దామని అక్కవాళ్ల వంటింట్లోకి పట్టుకెళ్లింది. అక్క చేతులు తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, గట్టు మీద పరిచి చదవడం మొదలెట్టింది.

“ఏమే, ఇది పార్కుకా, యుద్ధానికా?”

“నవ్వు నవ్వు. కాళ్లు పీకినప్పుడు తెలుస్తుంది.”

“‘కొత్త చెప్పులు వేసుకోరాదు.’ ఇది నా కోసమేగా?”

“కాక? ప్రతి పెళ్లికీ కొత్త చెప్పులు కొని, సగం దారిలో చేత్తో పట్టుకుని నడిచేదెవరు? నేనా?”

అక్క పకపకా నవ్వింది. ఆ నవ్వుకి పక్క గదిలో పేపరు చదువుతున్న బావ, “అక్కాచెల్లెళ్లు కలిశారంటే నాకు కాఫీ లేనట్టే,” అని గొణిగాడు.

“ఇదేంటే, ‘ఒంటరిగా వచ్చినవాళ్లకు వేరే వరుస ఉంటుంది. ఇద్దరేసి కూర్చునే బండిలో ఒక సీటు మిగిలితే, ఆ వరుసలోంచి ఒకరిని పిలిచి కూర్చోబెడతారు. త్వరగా అవుతుంది. మనకు అక్కర్లేదు.’ అక్కర్లేనప్పుడు రాయడమెందుకు?”

“రాయకపోతే, నాకు తెలియక వదిలేశాననుకుంటావు.”

“నీతో పడలేనే తల్లీ. ఉంచు, తీరిగ్గా చదివి ఇస్తాను,” అంది అక్క.

ఆ తీరిక రెండు వారాలు పట్టింది. పుస్తకం అడిగినప్పుడల్లా, “చదువుతున్నానే, పరీక్ష పేపర్లున్నాయి,” అనేది. చివరికి ఒక శుక్రవారం బడికి పోతూ పోతూ డిపో గేటు దగ్గర ఆగి, పుస్తకం చేతిలో పెట్టి, “బస్సొచ్చేసింది,” అంటూ పరిగెత్తింది.

మధ్యాహ్నం డబ్బాలో అన్నం తింటూ నిమిషాలమ్మ పుస్తకం తెరిచింది. తెరవగానే నవ్వొచ్చింది. పుటల నిండా ఎర్రసిరా. ఇరవయ్యేళ్లుగా పిల్లల పేపర్లు దిద్దిన చెయ్యి, ఏ కాగితాన్నైనా ఊరికే వదలదు. పెళ్లిశుభలేఖలు కూడా దిద్దే మనిషి. సరైనవాటికి టిక్కు పెట్టింది, నచ్చనివాటిని కొట్టేసింది, చివరి పుటలో ‘చాలా బాగుంది’ అని రాసి సంతకం కూడా గిలికింది. ఎంత శ్రద్ధగా చదివిందీ! మూడు నెలల కష్టానికి అంతకన్నా ఏం కావాలి? నిమిషాలమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని మొదటినుంచీ చదవసాగింది.

‘గంట ముందు’ అన్నది కొట్టేసి, ‘గంటన్నర. సంచులు తెరిచి చూసే వరుస వేరే ఉంది.’ సరే, ఎవరో చెప్పి ఉంటారు.

‘పడవలో ముందు సీటుకి నీళ్లు పడతాయి’ అన్నది కొట్టేసి, ‘ముందు కాదు, వెనక. ముందు సీటు పొడిగానే ఉంటుంది.’ ఇదీ ఎవరో చెప్పి ఉంటారు.

‘కొత్త చెప్పులు వేసుకోరాదు’ పక్కన టిక్కు లేదు. ‘నిజమే!’ అని ఉంది.

గడియార స్తంభం దగ్గరి బల్ల కింద రెండు గీతలు. పక్కన అక్క గుండ్రటి చేతిరాత: ‘రెండు దాటితే ఈ బల్ల మీద ఎండ నేరుగా పడుతుంది. దీని వెనకాల పచ్చబల్ల ఉంది. దాని మీద కూర్చోవాలి.’

నిమిషాలమ్మ చేతిలోని ముద్దని తిరిగి డబ్బాలో పెట్టేసింది.

అప్పుడే మీసాల డ్రైవరు ఏదో ట్రిప్పు మార్చమని అడగడానికి లోపలికొచ్చాడు. బల్ల మీద మ్యాపు చూసి సంబరపడ్డాడు. “ఓహో, మన పార్కే! ఎప్పుడమ్మా ప్రయాణం?” అంటూ పుస్తకం తన వైపు తిప్పుకుని ఎర్రసిరా చదివాడు. “పచ్చబల్ల! అవునమ్మా, ఉంది. మా ఆవిడ అక్కడే హాయిగా కునుకు తీసింది. ఎవరు రాశారిది? పోయొచ్చిన మనిషే రాసుండాలి.”

“ట్రిప్పు సంగతి రేపు చూద్దాం,” అంది నిమిషాలమ్మ.

“ఏమైందమ్మా, మొహం అలా—”

“రేపన్నానా?”

ఆయన మీసం సవరించుకుని వెళ్లిపోయాడు. ఆవిడ డబ్బా మూత పెట్టేసి అక్కకి ఫోన్ చేసింది. బడిలో విశ్రాంతి వేళ, వెనక పిల్లల గోల.

“ఇన్ని సంగతులు నీకెలా తెలిశాయక్కా?” నవ్వుతున్నట్టే అడిగింది.

“మా లెక్కల టీచరు వెళ్లొచ్చిందే. ఆవిణ్ణి కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగాను. ఎందుకే?”

“ఏం లేదు. బాగా దిద్దావని.”

“మరి! ఎవరి అక్కని?”

ఫోన్ పెట్టేశాక నిమిషాలమ్మ తనకి తానే చీవాట్లు పెట్టుకుంది. లెక్కల టీచరుండకూడదా? వెళ్లకూడదా? బల్ల మీద ఎండ పడిందని చెప్పకూడదా? చెప్పొచ్చు, చెప్పి ఉంటుంది. బుధవారం దాకా ఆ లెక్కల టీచర్ని రోజుకి పదిసార్లు నమ్మింది. నమ్మిన ప్రతిసారీ ఆ టీచరు కొంచెం కొంచెంగా పల్చబడింది.

బుధవారం తెల్లవారుజాము రైలుకి అక్క ముందుగానే వచ్చి నిలబడింది. పాత చెప్పులు. పుట్టి బుద్ధెరిగాక ఏ ప్రయాణానికీ అక్క పాత చెప్పులేసుకున్నది లేదు.

“నువ్వు రాశావుగా,” అంది అక్క, అడక్కముందే.

రైల్లో అక్క చెప్పులు విడిచి కాళ్లు ఎదుటి సీటు మీద పెట్టుకుంది. రెండు మడమల మీదా, పట్టీ ఒరిసే చోట, బొబ్బలెక్కి పగిలి మానిన మచ్చలు. చర్మం ఇంకా గులాబీరంగులోనే ఉంది. రెండు వారాల కన్నా పాతవి కావు. నిమిషాలమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. లెక్కల టీచరు ఆ కిటికీలోంచే దూకి పోయింది.

అయినా అడగలేదు. గేటు దగ్గర చెబుతుందేమో అనుకుంది. గేటు చూశాక, ఆ ఒట్టు జ్ఞాపకమొచ్చాక, మనిషన్నది చెప్పకుండా ఉంటుందా?

గేటు నిజంగానే పెద్దది. రెండు బురుజులు, మధ్యన రంగు రంగుల జెండాలు, వాటి వెనక ఆకాశంలో చక్రం నిదానంగా తిరుగుతోంది. ముప్పయ్యేళ్లు మనసులో కట్టుకున్న గేటు. అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది.

“అబ్బబ్బబ్బా! ఎంత పెద్ద గేటే చిట్టీ! నాకసలు మాట రావడం లేదు!”

బడి వార్షికోత్సవంలో ఒకటో తరగతి పిల్లలు డాన్సు చేసినప్పుడు, అక్క ముందు వరుసలో కూర్చుని సరిగ్గా ఈ గొంతుతోనే అంటుంది. నిమిషాలమ్మ ఏడాదికోసారి వింటూనే ఉంది. గేటు వైపు తిరిగి చూద్దామనుకుంది. కళ్లు మాత్రం అక్క మొహం వదిలి రాలేదు. వెనకనుంచి జనం నెట్టుకొచ్చారు. ముప్పయ్యేళ్ల గేటు అలా దాటిపోయింది, చూడనే లేదు.

చివరికి నడిచారు. పడవెక్కారు. “నువ్వు ముందు కూర్చోవే,” అని అక్క తోసి తను వెనక కూర్చుంది. కింద నీళ్లలో పడేసరికి అక్క నిలువునా తడిసి, కేకలు పెట్టి, పిల్లదానిలా నవ్వింది. ఆ నవ్వులో మాత్రం నటన లేదు. ముందు సీట్లో నిమిషాలమ్మ మీద చుక్క నీరు పడలేదు. పదకొండింటికి రొట్టెలు తిన్నారు. పొడి సాక్సులు మార్చుకున్నారు. పుస్తకంలో రాసినవన్నీ రాసినట్టే జరుగుతున్నాయి. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు.

“ఏంటే ఉలుకూ పలుకూ లేవు? నచ్చలేదా?”

“బాగుంది.”

“మొహం చూస్తే ఆముదం తాగినట్టుంది.”

ఒకటీ పావుకి ఇనుపకొండ వైపు బయల్దేరారు. అక్క ముందు నడుస్తోంది, పొద్దున్నించీ ఆవిడే ముందు. పొదల దగ్గర దారి రెండుగా చీలింది. అక్క ఎడమకి తిరిగింది.

“అటు కాదక్కా. మ్యాపులో కుడివైపుంది.”

“కుడివైపు మూసేశారే, గుంతలు తవ్వుతున్నారు,” అంది అక్క, నడుస్తూనే.

నిమిషాలమ్మ ఆగిపోయింది. కుడివైపు దారి పొదల వెనక వంకర తిరిగి ఉంది. తవ్వినదీ లేనిదీ ఇక్కణ్ణుంచి ఎవరికీ కనబడదు. ఆవిడ నాలుగడుగులు వేసి వంపు దాకా వెళ్లి చూసింది. రేకులు అడ్డం పెట్టి ఉన్నాయి. రేకుల వెనక మట్టికుప్ప.

తిరిగొచ్చేసరికి అక్క ఉన్నచోటే నిలబడి ఉంది. సంచి పట్టీని వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది.

“ఎప్పుడొచ్చావక్కా?”

అక్క చక్రం వైపు చూసింది. నేల వైపు చూసింది. “మొన్న కాక... అటు మొన్నటి ఆదివారం.”

“ఎవరితో?”

“మీ బావ వాళ్ల అన్నయ్యా వాళ్లూ ఊడిపడ్డారే, పిల్లల్నేసుకుని. చెప్పాపెట్టకుండా. పిల్లలు పార్కు పార్కని ఒకటే గోల. మీ బావ సరే అనేశాడు. నేను రానంటే తోటికోడలు ఏమనుకుంటుంది చెప్పు? నీకు అత్తారి గొడవలు తెలియవు.”

“నన్ను పిలవలేదేం?”

“బండిలో చోటు లేదే.”

నిమిషాలమ్మకి ఆ మాట చెవిలో పడింది కానీ లోపలికి దిగడానికి కాసేపు పట్టింది. ఆవిడ బస్సుల మనిషి. చోటు లేకపోవడమంటే ఏమిటో తెలుసు. ఉన్న చోటు వదులుకుని దిగడమంటే ఏమిటో కూడా తెలుసు.

“పుస్తకం కూడా పట్టుకొచ్చావు.”

“పట్టుకొచ్చాను. అబద్ధమెందుకు,” అంది అక్క. అంతలోనే మొహం వెలిగింది, ఓదార్చడానికి మంచి మాట దొరికినట్టు. “నీ పుస్తకం వల్లే చిట్టీ, ఒక్క నిమిషం వృథా కాలేదు! అందరూ ఎండలో వరుసల్లో మాడుతుంటే మేం ఇలా వెళ్లి అలా ఎక్కేశాం. మా తోటికోడలైతే నోరు తెరిచేసింది. ఎవరు వేశారీ ప్లానని...”

“ఏం చెప్పావు?”

అక్క పట్టీ చుట్టుకుంది.

“నా చేతిరాతే అనుకున్నారే. నేను... కాదనలేదు.”

పక్కనుంచి బెలూన్లు పట్టుకున్న కుటుంబమొకటి నవ్వుకుంటూ పోయింది. వాళ్లకి దారి వదలడానికి అక్కాచెల్లెళ్లిద్దరూ చెరో పక్కకి జరిగారు.

“దిద్దకుండా ఇచ్చేసుంటే నాకు తెలిసేది కాదుగా?”

“తప్పు కనబడితే నేను ఊరుకోలేనే! నువ్వేమో ఆ బల్ల మీద కూర్చుని ఎండకి మాడిపోతావు, పడవలో తడిసి జలుబు చేసుకుంటావు. తెలిసీ ఎలా ఊరుకోను?” అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. “ఇనుపకొండ మీద, అంత ఎత్తున, నువ్వుంటే బాగుండుననిపించిందే. నిజం. నీ మీదొట్టు.”

“నా మీద వద్దు,” అంది నిమిషాలమ్మ. గొంతు పెంచలేదు. “నాకూ ఆ రోజు అనిపించిందక్కా, బస్సులో కూర్చుని. అనిపించింది కనక దిగాను.”

ఎడమ దారినే నడిచారు, ఇప్పుడు నిమిషాలమ్మ ముందు. గడియార స్తంభం వచ్చింది, దాని ముందు బల్ల, వెనక పచ్చబల్ల, అన్నీ ఎర్రసిరా చెప్పిన చోటే ఉన్నాయి. దాటాక ఇనుపకొండ గేటు. తిండి వేళ కాబట్టి జనం పల్చగానే ఉన్నారు, ప్లాను తప్పలేదు. టోపీ పెట్టుకున్న పిల్ల ఒకతె గేటు దగ్గర నిలబడి వచ్చినవాళ్లని లెక్కబెట్టి వరుసల్లోకి పంపుతోంది.

“ఎంతమందండీ?”

“ఇద్దరం,” అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ.

“కాదమ్మా,” అంది నిమిషాలమ్మ. “ఒక్కదాన్నే. ఒక్కళ్ల వరుస ఎటు?”

టోపీ పిల్ల ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, పక్కనున్న సన్నని దారి చూపించింది.

“ఏమే చిట్టీ! ఏంటీ చోద్యం? నలుగురూ చూస్తున్నారు!”

నిమిషాలమ్మ సంచి భుజం మీంచి తీసి అక్కకిచ్చింది. “ఇది పట్టుకో. లోపలికి సంచులు రానివ్వరు. పుస్తకంలో రాశాను.”

ఆ వరుసలో నలుగురే ఉన్నారు. పావుగంట కూడా పట్టలేదు. ఒక బండిలో ఒక సీటు మిగిలింది, చెయ్యి ఊపి పిలిచారు. పక్క సీట్లో భారీ మనిషి, ఇనుప కడ్డీని రెండు చేతులా వాటేసుకుని చెమటలు కక్కుతున్నాడు. వెనక బండిలో ఆయన కూతుళ్లు ఆయన్ని చూసి కిసకిసలాడుతున్నారు.

“మీరూ మొదటిసారేనా అండీ?” అన్నాడాయన, నోరెండిపోయి.

“అవునండీ. మొదటిసారే.”

కటకట చప్పుడుతో బండి ఎక్కడం మొదలుపెట్టింది. చెట్లు కిందికి జారాయి. పడవ కాలవ కనబడింది, రేకుల వెనక మట్టికుప్ప కనబడింది, గేటు బురుజులు వెనకవైపు నుంచి, రంగు వెయ్యని వైపు నుంచి కనబడ్డాయి. కొనకి వచ్చేసరికి గడియార స్తంభం బొమ్మంత అయిపోయింది. ముళ్లు రెండు దాటాయి.

పచ్చబల్ల ఖాళీగా ఉంది, నీడలో. ముందున్న బల్ల మీద అక్క కూర్చుని ఉంది, ఒళ్లో రెండు సంచులు పెట్టుకుని. ఎండ నేరుగా మొహం మీద పడుతోంది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు, జరగలేదు. పైకే చూస్తోంది.

“కిందికి చూడకండి, కళ్లు తిరుగుతాయి!” అని అరిచాడు పక్క మనిషి, తన కళ్లు గట్టిగా మూసుకుని.

నిమిషాలమ్మ చూస్తూనే ఉంది. నీడలోకి జరగాలంటే అక్కకి అడుగు దూరం కూడా లేదు. ఎంతసేపు కూర్చుంటుందో లెక్కపెట్టబోయింది. బండి ముక్కు కిందికి వంగింది.